భూకంపలేఖిని పక్కన సూదంటురాయి

2024 డిసెంబరు 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లా అడవుల కింద నేల కదిలింది. తీవ్రత 5.3. వరంగల్, ఖమ్మం వైపు జనం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు. విజయవాడలోనూ, హైదరాబాదులోనూ ఆ కుదుపు తెలిసింది. 1969లో భద్రాచలం ప్రాంతాన్ని కుదిపిన భూకంపం పెద్దవాళ్లకు గుర్తుకొచ్చింది.

నేల కదిలిన ప్రతిసారీ మధ్యాహ్నానికల్లా ఒక ప్రశ్న బయలుదేరుతుంది: ముందే చెప్పలేరా? దాని వెనకే ఒక జవాబు కూడా వస్తుంది. భూకంపం రాబోయే ముందు భూమి అయస్కాంత బలం మారుతుందట, దాన్ని కొలిచే యంత్రం పెడితే చాలట. ఈ మాట ఇవాళ్టిది కాదు. రెండు వందల ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలను ఊరిస్తూ, నిరాశపరుస్తూ, మళ్లీ మళ్లీ తలెత్తుతున్న మాట. నేల కదలికను రాసే యంత్రం పక్కన అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యంత్రం పెట్టాలా? పెడితే దేనికి? ఇన్నేళ్ల అనుభవం ఏం తేల్చింది?

ఆ జోడీని చూడటానికి తెలుగువాళ్లు దూరం పోనక్కర్లేదు. హైదరాబాదు ఉప్పల్ రోడ్డులో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరూ ఎన్‌జీఆర్‌ఐ అని పిలిచేది, ఈ రెండు పనులూ చేస్తోంది. అక్కడి అయస్కాంత వేధశాల 1964 నుంచి లెక్కలు రాస్తోంది. అక్కడి భూకంప నమోదు కేంద్రం జియోస్కోప్ అనే ఫ్రెంచి అంతర్జాతీయ వలయంలో భాగం. ప్రపంచ జాబితాల్లో భూకంప నమోదు కేంద్రాలకు కొన్ని అక్షరాల గుర్తులుంటాయి, అయస్కాంత వేధశాలలకూ ఉంటాయి. హైదరాబాదుకి ఆ రెండు జాబితాల్లోనూ గుర్తు ఒకటే: హెచ్‌వైబీ.

ఇక పాత కథలోకి వెళ్దాం. 1855 నవంబరు 11 రాత్రి జపాన్‌లో ఎడో నగరాన్ని, అంటే నేటి టోక్యోను, పెద్ద భూకంపం కూల్చింది. అప్పట్లో అచ్చయిన ఒక వృత్తాంత గ్రంథం ఒక వింత చెబుతుంది. అసాకుసా పేటలో కళ్లజోళ్ల కొట్టు యజమాని ఒకాయన జనాన్ని ఆకర్షించడానికి కొట్టులో పెద్ద సూదంటురాయి ఉంచి, దానికి ఇనప మేకులు అంటించి పెట్టేవాడు. ఆ సాయంత్రం మేకులన్నీ ఉన్నట్టుండి రాలిపోయాయి. రెండు గంటల తరవాత భూకంపం. ఆ తరవాత రాయి మళ్లీ మామూలుగా మేకుల్ని పట్టుకుందట. ఈ కథ విని ఒక పరికరం కూడా తయారుచేశారు: అయస్కాంతానికి అంటుకున్న ఇనుము జారి పడితే గంట మోగుతుంది. ఆ గంట ఏ ఊరినీ కాపాడలేదు. సూదంటురాయి తన పట్టు కోల్పోవడానికి భూమి క్షేత్రంలో వచ్చే మార్పు ఎంతమాత్రం చాలదు. ఫ్రిజ్ తలుపుకి అంటించే చిన్న అయస్కాంతం బలమే భూమి క్షేత్రానికి వంద రెట్లకు పైన ఉంటుంది. అయినా ఆ కథలో ఉన్న ఆశ మాత్రం చావలేదు.

ఎడో కంటే ముందే, 1799లో, జర్మన్ యాత్రికుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ నేటి వెనిజువెలాలోని కుమానా ఊళ్లో ఉండగా భూకంపం వచ్చింది. ఆయన దగ్గర అయస్కాంత ముల్లు నేల వైపు ఎంత వాలుతుందో కొలిచే పరికరం ఉంది. భూకంపం తరవాత కొలిస్తే వాలు తగ్గినట్టు కనిపించింది. ఉత్తర దిక్కు చూపే ముల్లులో మాత్రం తేడా లేదు. బహుశా భూకంపాన్నీ అయస్కాంత కొలతనూ ఒకచోట పెట్టి ఆలోచించిన తొలి శాస్త్రజ్ఞుల్లో ఆయన ఒకరు.

వేధశాలలు వచ్చాక విషయం మరో మలుపు తిరిగింది. అప్పటి యంత్రాల్లో సన్నని దారానికి వేలాడే అయస్కాంతం, దానికి చిన్న అద్దం, అద్దం మీంచి కాంతి పడే ఫొటో కాగితం ఉండేవి. నేల ఊగితే వేలాడే ముల్లూ ఊగుతుంది కదా. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోను ధ్వంసం చేసిన భూకంపాన్ని అమెరికా మరో చివర మేరీలాండ్‌లోని చెల్టెన్‌హామ్, అలాస్కాలోని సిట్కా అయస్కాంత వేధశాలలు తమ కాగితాల మీద పట్టుకున్నాయి. అక్కడ మారింది అయస్కాంత బలం కాదు, ఊగింది యంత్రం. ఈ రెంటినీ వేరుచేయడమే తరవాతి నూరేళ్ల పని అయింది.

మన దేశంలో ఈ రెండు శాస్త్రాలూ ఒకే కప్పు కింద పెరిగాయి. బొంబాయి కొలాబాలో 1841లోనే అయస్కాంత కొలతలు మొదలయ్యాయి. 1859 సెప్టెంబరు మొదట్లో సూర్యుడి మీద పేలుడు వల్ల వచ్చిన మహా అయస్కాంత తుపానులో అక్కడి క్షేత్రం 1,600 నానోటెస్లాల (అయస్కాంత బలానికి కొలమానం) మేర పడిపోయింది. కళ్లతో చూసి చేత్తో రాసుకున్న ఆ అంకెల్ని ఇవాళ్టికీ ప్రపంచమంతా తీసి చదువుతోంది. 1897 అస్సాం మహాభూకంపం తరవాత కలకత్తా అలీపూర్‌తో పాటు కొలాబాలోనూ మిల్న్ భూకంపలేఖినులు వచ్చాయి. అప్పటికి కొలాబా వేధశాలకు అధిపతి నానాభాయ్ అర్దేషిర్ ఫ్రామ్‌జీ మూస్, ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు. బొంబాయిలో గుర్రపు ట్రాముల చోట కరెంటు ట్రాములు రాబోతున్నాయని తెలియగానే ఆయన ఊరికి దక్షిణాన అలీబాగ్‌లో కొత్త వేధశాల కట్టించాడు. ఇనుము జాడ లేని పోర్‌బందర్ రాయి ఏరి తెప్పించాడు. 1904 నుంచి 1906 వరకు రెండు చోట్లా కలిపి కొలిచాకే పాతదాన్ని ఆపాడు. ఆ రెండేళ్ల ఓపిక వల్లే కొలాబా లెక్క అలీబాగ్ లెక్కలోకి తెగకుండా కలిసింది. మన శాస్త్ర చరిత్రలో ఇంత ముందుచూపున్న పని అరుదు.

అసలు కొలిచేది ఎంత? భూమ్మీద చోటుని బట్టి అయస్కాంత బలం సుమారు 25 వేల నుంచి 65 వేల నానోటెస్లాల దాకా ఉంటుంది. హైదరాబాదులో 43 వేల చుట్టుపక్కల. ఇది ఒక్కచోట నిలవదు. పొద్దెక్కేకొద్దీ పై ఆకాశంలో ఎండకు పుట్టే విద్యుత్ ప్రవాహాల వల్ల రోజూ పదుల నానోటెస్లాలు పెరిగి తగ్గుతుంది. సూర్యుడి మీంచి తుపాను వస్తే వందలు మారుతుంది. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన తుపాను ఇరవయ్యేళ్లలో అతి పెద్దది. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది. రాళ్ల మీద ఒత్తిడి మారితే వాటి అయస్కాంత గుణం కొద్దిగా మారుతుందన్నది నిజమే. ఆ మార్పు నేల మీదికి వచ్చేసరికి మిగిలేది ఒకటి రెండు నానోటెస్లాలు. తిరునాళ్ల డప్పుల మధ్య పసివాడి ఊపిరి వినాలన్నట్టు ఉంటుంది ఆ పని.

అందుకే కొలిచే గది అంత నిష్ఠగా ఉంటుంది. వేధశాలలో మూడు రకాల యంత్రాలు కలిసి పనిచేస్తాయి. ఫ్లక్స్‌గేట్ అనేది మూడు దిక్కుల్లో మార్పుల్ని సెకను సెకనుకీ రాస్తుంది. ప్రోటాన్ మాగ్నెటోమీటరు మొత్తం బలాన్ని చెబుతుంది. ఇనుము లేకుండా చేసిన థియోడొలైట్‌తో మనిషే స్వయంగా కోణాలు కొలుస్తాడు. ఆ మూడో పని చూడదగ్గది. పరిశీలకుడు గదిలోకి వెళ్లే ముందు తాళాలు, ఫోను, గడియారం, బెల్టు అన్నీ బయట పెట్టేస్తాడు. స్టీలు ఫ్రేము కళ్లజోడున్నా తీసేయాల్సిందే. గది తలుపు బందులు ఇత్తడివి, మేకులు రాగివి. రాతి స్తంభం మీద ఉన్న దూరదర్శిని దూరంగా పాతిన గుర్తు మీద నిలిపి కోణం రాసుకుంటాడు. తరవాత దానికి బిగించిన చిన్న సెన్సరు సున్నా చూపేదాకా మెల్లగా తిప్పి మళ్లీ రాసుకుంటాడు. దూరదర్శినిని తలకిందులు చేసి ఇంకోసారి, వెనక్కి తిప్పి ఇంకోసారి. ఒకవైపు వచ్చిన పొరపాటు రెండోవైపు కొట్టుకుపోవడానికే ఇన్ని తిప్పడాలు. వారానికి కొన్నిసార్లు ఈ పని చేయకపోతే స్వయంచాలక యంత్రాల అంకెలు మెల్లమెల్లగా దారి తప్పుతాయి. కంప్యూటర్లు ఎన్ని వచ్చినా ఈ మనిషి స్థానం భర్తీ కావడం తేలిక కాలేదు.

ఇప్పుడు చిక్కు చూడండి. భూకంపాన్ని కొలిచే సీస్మోమీటరు కడుపులో ఏముంటుంది? స్ప్రింగుకి వేలాడే బరువు, ఒక తీగచుట్ట, బలమైన శాశ్వత అయస్కాంతం. అయస్కాంత వేధశాల దగ్గరికి రానివ్వకూడని వస్తువు అదే. కాబట్టి రెంటినీ ఒకే గట్టున పెట్టాలంటే మధ్య జాగా వదలాలి. దూరం రెట్టింపైతే చిన్న అయస్కాంతం ప్రభావం ఎనిమిదో వంతుకి పడిపోతుంది, పది రెట్లైతే వెయ్యో వంతుకి. సీస్మోమీటరు గట్టి రాతిని కోరుతుంది, అయస్కాంత యంత్రం ఇనుము లేని నేలను కోరుతుంది. రోడ్డు, రైలు, ఫ్యాక్టరీ ఇద్దరికీ పడవు. కొలాబాకి ట్రాము వచ్చినట్టే పెరుగుతున్న ప్రతి నగరానికీ ఏదో ఒకటి వస్తుంది. ఎన్‌జీఆర్‌ఐ కూడా నగరానికి దూరంగా చౌటుప్పల్ ఆవరణలో అయస్కాంత కొలతలు సాగిస్తోంది.

ఈ జోడీకి అసలైన ప్రయోజనం ఇక్కడే బయటపడుతుంది, ఇది జనానికి అంతగా తెలియదు. సున్నితమైన సీస్మోమీటర్ల స్ప్రింగులు ఎండకీ చలికీ మారని ప్రత్యేక మిశ్రమ లోహాలతో చేస్తారు. ఆ లోహాల్లో చాలా వాటికి అయస్కాంత గుణం ఉంటుంది. సూర్యుడి తుపాను వచ్చినప్పుడు భూమి క్షేత్రం ఊగితే స్ప్రింగు మీద కొంచెం లాగుడు పడుతుంది. నేల కదలకపోయినా కాగితం మీద నేల కదిలినట్టు మెల్లని అలలు వస్తాయి. జర్మనీలో నల్ల అడవుల నడుమ పాత గనిలో ఉన్న బీఎఫ్‌ఓ వేధశాల పరిశోధకులు ఈ దోషాన్ని లెక్కగట్టి, యంత్రం చుట్టూ పర్మలాయ్ అనే మిశ్రమ లోహపు కవచం తొడిగి చాలావరకు తగ్గించారు. ధ్రువానికి దగ్గరున్న అలాస్కాలో ఈ బాధ మరీ ఎక్కువ. అక్కడి భూకంప కేంద్రాల కాగితాల మీద అంతరిక్ష తుపానులు ఎలా కనిపిస్తాయో 2020లో అమెరికా భూవిజ్ఞాన సర్వే శాస్త్రజ్ఞులు విడమరచి చూపారు. పక్కన అయస్కాంత యంత్రం ఉంటే ఆ వంకర రాతను గుర్తించి లెక్కలోంచి తీసేయవచ్చు. లేకపోతే భూమి లోపలి కదలిక ఏదో, ఆకాశం నుంచి వచ్చినదేదో తెలియదు.

ఉపకారం రెండోవైపు నుంచి కూడా ఉంది. భూకంప తరంగం వచ్చినప్పుడు అయస్కాంత యంత్రం కూడా ఊగుతుంది, 1906లో ఊగినట్టే. పక్కనున్న సీస్మోమీటరు ఆ క్షణాన్ని సెకనులో చిన్న భాగం వరకు చెబుతుంది. అయస్కాంత గీత సరిగ్గా అప్పుడే ఊగితే అది కుదుపు. అంతకు ముందే, నేల నిశ్చలంగా ఉండగా ఊగితే, దాన్ని నిదానంగా పరిశీలించాలి.

అలా నిదానంగా పరిశీలించాల్సిన సంఘటన 1989లో ఎదురైంది. అక్టోబరు 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం 63 మందిని బలి తీసుకుంది. దాని కేంద్రానికి 7 కిలోమీటర్ల దూరంలో కొరలిటోస్ అనే చోట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటొనీ ఫ్రేజర్-స్మిత్ బృందం అతి తక్కువ పౌనఃపున్యపు అయస్కాంత అలల్ని కొలిచే యంత్రం పెట్టి ఉంది. అది భూకంపాల కోసం పెట్టింది కాదు. సహజమైన అయస్కాంత గోల ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి పెట్టింది. భూకంపం తరవాత కాగితాలు తీసి చూస్తే దాదాపు రెండు వారాల ముందు నుంచి అలలు పెరిగినట్టు, చివరి మూడు గంటల్లో బాగా ఎగసినట్టు కనిపించింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తరవాతి ఇరవయ్యేళ్లు ఈ విషయం మీద రాసినవాళ్లలో కొరలిటోస్ పేరు ఎత్తనివాళ్లు దాదాపు లేరు. జపాన్, ఇటలీ, చైనా, మన దేశం, అన్నిచోట్లా అలాంటి యంత్రాలు పెట్టారు.

2009లో కథ అడ్డం తిరిగింది. జెరెమీ థామస్, జెఫ్రీ లవ్, మాల్కం జాన్‌స్టన్ అనే ముగ్గురు కొరలిటోస్ అంకెల్ని జపాన్‌లోని కాకియోకా వేధశాల అంకెల పక్కన పెట్టి చూశారు. ప్రపంచమంతా ఒకేసారి కనిపించే మామూలు సౌర అలలు కూడా ఆ రెండు వారాల్లో కొరలిటోస్‌లో పెద్దవిగా కనిపించాయి. అంటే పెరిగింది భూమి లోపలి సంకేతం కాదు, యంత్రమే అన్నిటినీ పెద్దవి చేసి చూపి ఉండవచ్చు. యంత్రంలో లోపం అనే వివరణే సరిపోతుందని వాళ్లు తేల్చారు. అదే ఏడాది వాలస్ క్యాంప్‌బెల్ ఇంకో దారిలో వెళ్లి, ఆ ఎగుడుదిగుడులు సూర్యుడి వల్ల వచ్చిన సహజ కల్లోలమే అన్నాడు. ఆ రెండు వాదాలకూ పొత్తు కుదరదు. కానీ భూకంపానికి ముందస్తు సంకేతం అన్నమాట మాత్రం రెండింటిలోనూ నిలవలేదు. దూరంగా ఉన్న మరో వేధశాల అంకెలతో సరిచూడటానికి ఇరవయ్యేళ్లు పట్టిందన్నదే ఈ మొత్తం కథలో మనసుని కలచివేసే విషయం.

అదే ఏడాది ప్రకృతి స్వయంగా ఒక పరీక్ష పెట్టింది. 2009 ఏప్రిల్ 6న ఇటలీలో లాక్విలా పట్టణం కూలి 309 మంది చనిపోయారు. ఆ దేశపు ముఖ్య అయస్కాంత వేధశాల ఆ పట్టణం దగ్గరే ఉంది. భూకంప కేంద్రానికి దాని దూరం 6 కిలోమీటర్ల మేర. సంకేతమనేది ఉంటే అక్కడ దొరకాలి. వేధశాల అంకెల్ని శాస్త్రజ్ఞులు జల్లెడపట్టారు. నమ్మదగ్గ ముందస్తు మార్పు ఏదీ కనిపించలేదు. 2004 సెప్టెంబరు 28న కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో వచ్చిన 6.0 తీవ్రత భూకంపం కథా అంతే. దాని కోసం ఇరవయ్యేళ్లుగా రకరకాల యంత్రాలు కాపలా కాస్తున్నాయి, వాటిలో అయస్కాంత యంత్రాలూ ఉన్నాయి. ముందు ఏమీ పలకలేదు.

మరి రాళ్ల ఒత్తిడికీ అయస్కాంతానికీ ఉందన్న సంబంధం ఊహేనా? కాదు. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలో లాండర్స్ భూకంపం, తీవ్రత 7.3, వచ్చినప్పుడు దగ్గరలోని రెండు అయస్కాంత కేంద్రాల్లో ఒక నానోటెస్లా చుట్టుపక్కల శాశ్వత మార్పు నమోదైంది. ఒత్తిడి సడలితే ఎంత మారాలో సిద్ధాంతం చెప్పినదానితో అది సరిపోయింది. కానీ ఆ మార్పు భూకంపంతో పాటే వచ్చింది, ముందు కాదు. ఇంత పెద్ద భూకంపం తన మొత్తం బలంతో విరుచుకుపడితే కలిగిన మార్పే ఒక నానోటెస్లా అయితే, అంతకు ముందు నడిచే చిన్న చిన్న సర్దుబాట్లు ఎంత వినిపిస్తాయో ఆలోచించవచ్చు.

ఆశ పూర్తిగా కొడిగట్టలేదు, దాన్నీ చెప్పాలి. కాలిఫోర్నియాలో క్వేక్‌ఫైండర్ అనే సంస్థ ఏళ్ల తరబడి వంద పైచిలుకు కేంద్రాల్లో పోగేసిన అంకెల్ని గూగుల్ శాస్త్రజ్ఞులతో కలిసి గట్టి గణాంక పద్ధతిలో పరీక్షించి 2022లో ఫలితం ప్రకటించారు. భూకంపాలకు ఒకటి నుంచి మూడు రోజుల ముందు ఒక మోస్తరు తేడా కనిపిస్తోందని చెప్పారు. హెచ్చరిక ఇవ్వడానికి అది చాలదని వాళ్ల మాటే. చైనా, ఇటలీ కలిసి 2018లో పంపిన జాంగ్‌హెంగ్-1 ఉపగ్రహం పైనుంచి ఇదే వెతుకుతోంది. వీటిని కొట్టిపారేయనక్కర్లేదు. వందల భూకంపాల మీద, భూకంపం రాని రోజుల్ని కూడా లెక్కలోకి తీసుకుని నిలబడేదాకా నమ్మనక్కర్లేదు కూడా.

మన దేశంలో ఈ వెతుకులాటకు ముఖ్య కేంద్రం ఉత్తరాఖండ్‌లోని ఘుత్తు. హిమాలయాల్లోని ఆ లోయలో వాడియా హిమాలయ భూగర్భ సంస్థ సీస్మోమీటరు, అయస్కాంత యంత్రాలు, అతిసున్నితమైన గురుత్వ మాపకం, జీపీఎస్, బోరుబావిలో రాడాన్ వాయువునీ నీటిమట్టాన్నీ కొలిచే పరికరాలు, అన్నీ ఒకేచోట పెట్టి 2007 నుంచి నడుపుతోంది. వాన పడితే నీటిమట్టం, రాడాన్, గురుత్వం అన్నీ కదులుతాయి. ఒక్క యంత్రమే ఉంటే వానని భూకంప సంకేతం అనుకునే ప్రమాదం ఉంది. పది కలిసి ఉంటే పట్టుబడుతుంది. నా దృష్టిలో ఘుత్తు విలువ అక్కడుంది.

ముందే చెప్పడం సంగతి పక్కన పెడితే, అయస్కాంత కొలత భూకంప శాస్త్రానికి ఇప్పటికే మంచి సాయం చేసింది. 1993 సెప్టెంబరు 30 వేకువన లాతూరు జిల్లా కిల్లారిలో వేలమంది నిద్రలోనే పోయారు. కదలదనుకున్న దక్కను పీఠభూమిలో అంత ఘోరం ఎలా జరిగింది? ఎన్‌జీఆర్‌ఐ బృందాలు మాగ్నెటోటెల్యూరిక్ పద్ధతిలో, అంటే సూర్యుడి వల్ల పుట్టే అయస్కాంత అలలు నేలలో రేపే విద్యుత్తును కొలిచి, లోతుల్ని చదివాయి. కొన్ని కిలోమీటర్ల కింద కరెంటును తేలిగ్గా పోనిచ్చే మండలం దొరికింది. ఉప్పునీటి వంటి ద్రవాలు అక్కడ రాతిని బలహీనపరిచి ఉండవచ్చన్న అవగాహన అలా వచ్చింది. సునామీల్లో కూడా ఈ కొలత పలికింది. 2010లో చిలీ భూకంపం రేపిన సునామీ ఈస్టర్ దీవిని దాటుతున్నప్పుడు అక్కడి వేధశాల ఒక నానోటెస్లా మేర అలను నమోదు చేసింది. ఉప్పునీరు విద్యుద్వాహకం కాబట్టి అది కదిలితే క్షేత్రం పుడుతుంది.

ఇప్పుడు మాగ్నెటోమీటర్లు చవకయ్యాయి. అంతరిక్ష వాతావరణాన్ని గమనించే హామ్‌సై అనే అమెరికా హామ్ రేడియో బృందం ఆర్‌ఎం3100 అనే చిన్న సెన్సరుతోనే నానోటెస్లాల స్థాయి మార్పులు పట్టుకుంటోంది. చిన్న సీస్మోమీటర్లు కూడా ఇళ్లలో, బళ్లలో నడుస్తున్నాయి. మన ఇంజినీరింగు కళాశాలల్లో, డిగ్రీ కళాశాలల భౌతికశాస్త్ర విభాగాల్లో ఈ జంటను పెట్టడం కష్టం కాదు. సెన్సరును సెప్టిక్ గోతిలాంటి చిన్న గుంటలో, కార్ల పార్కింగుకి వీలైనంత దూరంగా పాతాలి. ఇత్తడి మరలే వాడాలి. గడియారాన్ని జీపీఎస్‌తో కలపాలి. పక్కనే సీస్మోమీటరు. ఏడాది తిరిగేసరికి పిల్లలకు కనిపించేది భూకంప జోస్యం కాదు. మధ్యాహ్నాల్లో పెరిగి తగ్గే సూర్యుడి లయ, హాస్టలు ముందు ఆగే పాల వ్యాను, ఎక్కడో ఇండొనేషియాలో కదిలిన నేల. ఏది ఎక్కడిదో వాళ్లే విడదీయడం నేర్చుకుంటారు. ములుగు, భద్రాచలం ఉన్న గోదావరి లోయ చుట్టుపక్కల కళాశాలల నుంచి ఈ పని మొదలుపెట్టమని విశ్వవిద్యాలయాలకు ఈ వ్యాసం విన్నపం. మొదలుపెట్టాక మాత్రం ఆపకండి. కొలాబా అంకెలకు ఇవాళ విలువ ఉందంటే ఎవరో ఒకరు ప్రతిరోజూ వెళ్లి రాసినందుకే.

పాఠకులకు ఒక మాట. ఈసారి ఎక్కడైనా నేల కదిలి, అయస్కాంత యంత్రం ముందే పసిగట్టిందని ఫోనులో వార్త వస్తే రెండే అడగండి. అదే గంటలో వెయ్యి కిలోమీటర్ల అవతలి వేధశాల ఏం రాసింది? ఆ యంత్రం పక్కన భూకంపలేఖిని ఉందా, అది ఏం రాసింది? జవాబు రాకపోతే ఆ వార్తను ముందుకు పంపకండి. ఇంట్లో బీరువాలు గోడకు బిగించారో లేదో చూసుకోండి.